లైన్ దీవుల పగడపు దిబ్బలు: మనిషి చేరని చోటును కొలబద్దగా వాడుకోవడంపై ఒక కేస్ స్టడీ

ఒక పగడపు దిబ్బ బాగుందా, పాడైందా అని తేల్చి చెప్పాలంటే ముందు బాగున్న దిబ్బ ఎలా ఉంటుందో తెలిసి ఉండాలి. పర్యవేక్షణ పనిలో ఉన్నవారికి ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే, ఎందుకంటే జనావాసాలకు దగ్గరగా ఉన్న తీరాల్లో అలా చూపించగల దిబ్బలు ఇప్పుడు దాదాపు మిగల్లేదు. ప్రతి తరం శాస్త్రవేత్తలూ తాము పనిలో చేరిన నాటి సముద్రాన్నే అసలు సముద్రం అనుకుని, తరుగునంతా అక్కడినుంచే లెక్కకడతారని మత్స్యశాస్త్రవేత్త డేనియల్ పాలీ 1995లో హెచ్చరించారు. లక్షద్వీప్‌లో చేపల గణన, సముద్రపు అడుగు ఫోటోల విశ్లేషణ చేసే బృందాలకు పద్ధతులు రాసిపెట్టి శిక్షణ ఇవ్వడం నా వృత్తి. అక్కడి అగత్తి, కడమత్, కవరత్తి దీవుల్లో 1998లో సుమారు 37 శాతంగా ఉన్న పగడాల విస్తీర్ణం 2022 నాటికి 19 శాతానికి పడిపోయింది. ఆ 37 కూడా ఎల్‌నినో వేడికి పగడాలు తమకు రంగూ తిండీ ఇచ్చే శైవలాలను కోల్పోయి పెద్దఎత్తున తెల్లబారిన సంవత్సరపు అంకే తప్ప ఆరోగ్యవంతమైన నాటి అంకె కాదు. రోగి ఆస్పత్రిలో చేరిన రోజున కొలిచిన బరువును అతని అసలు బరువుగా రాసుకున్నట్టు ఉంటుంది మా పరిస్థితి.

అంతకు ముందు సంగతి తెలుసుకోవడానికి రెండే దారులు ఉన్నాయి. ఒకటి పాత రికార్డులను, పగడాల అస్థిపంజరాలను తవ్విచూడడం. రెండోది, మనిషి చేతికి అందనంత దూరంలో ఇంకా మిగిలిఉన్న దిబ్బలకు వెళ్లి కొలవడం. ఈ రెండో దారికి ఇప్పటివరకు అత్యంత స్పష్టమైన ఉదాహరణ మధ్య పసిఫిక్‌లోని ఉత్తర లైన్ దీవులు. మా పద్ధతుల పుస్తకాన్ని తిరగరాసేటప్పుడు అక్కడి కొలతల్లో వేటిని మన దగ్గరికి తెచ్చుకోవచ్చు, వేటిని తెచ్చుకోకూడదు అని తేల్చుకోవలసి వచ్చింది. నేను ఆ దీవులకు వెళ్లలేదు. ప్రచురితమైన సమాచారాన్ని, దానిపై వచ్చిన విమర్శలను, తర్వాతి పదిహేనేళ్లలో అక్కడ జరిగినదాన్ని పక్కపక్కన పెట్టి చదివినవాడి నివేదిక ఇది.

నాలుగు దీవులు, నాలుగు మెట్లు

హవాయికి దక్షిణాన వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వరుసగా పరుచుకున్న అటోళ్లు ఇవి, అంటే మధ్యలో లోతు తక్కువ నీటి మడుగు (లగూన్) ఉండే ఉంగరం ఆకారపు పగడపు దిబ్బలు. పైన కింగ్‌మన్ రీఫ్. అలలు పైకి విసిరిన పగడపు ముక్కలు, గవ్వల గుట్టలు తప్ప నిలబడడానికి నేల కూడా లేని చోటు కాబట్టి అక్కడ జనం ఎన్నడూ కాపురం ఉండలేదు. దాని కింద పాల్మైరా. పరిశోధన కేంద్రం సిబ్బంది కొద్దిమంది మాత్రమే ఉంటారు. ఆ తర్వాత కిరిబాటి దేశానికి చెందిన టబుఏరన్, అధ్యయనం జరిగేనాటికి సుమారు 2,500 మంది జనాభాతో. చివరన భూవిస్తీర్ణంలో ప్రపంచంలోనే అతిపెద్ద అటోల్ అయిన కిరిటిమాటి, సుమారు 5,000 మందితో. నాలుగూ అటోళ్లే, ఒకే వరుసలోవే, చెప్పుకోదగ్గ పరిశ్రమ గానీ వ్యవసాయం గానీ ఎక్కడా లేదు. ఒక దీవికీ మరో దీవికీ మధ్య ప్రధానమైన తేడా మనుషుల సంఖ్య, ఆ మనుషులు పట్టుకునే చేపలు.

2005 ఆగస్టులో అమెరికాలోని స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థ ఆధ్వర్యంలో చేపలు, పగడాలు, నాచులు, సూక్ష్మజీవులు, వ్యాధులు ఒక్కొక్కటీ చూసే నిపుణులందరూ ఒకే ఓడలో ఈ నాలుగు చోట్లకూ వెళ్లారు. ఆ బృందం చేసిన అసలైన మేలు నా దృష్టిలో ఈ ఏర్పాటే. అప్పటిదాకా చేపలవాళ్లు ఒక దీవిలో, పగడాలవాళ్లు మరో దీవిలో, వేర్వేరు సంవత్సరాల్లో కొలిచిన అంకెలను జతచేసి సిద్ధాంతాలు అల్లడమే జరిగేది. ఇక్కడ ఒకే నెలలో, ఒకే లోతులో, ఒకే చేతులతో అన్నీ కొలిచారు.

ఫలితాలు 2008 ఫిబ్రవరిలో వెలువడ్డాయి. కింగ్‌మన్‌లో హెక్టారుకు సుమారు 5.3 టన్నుల చేపలు ఉన్నట్టు, అందులో 85 శాతం బరువు సొరచేపలు, ఎర్ర స్నాపర్ల వంటి పెద్ద మాంసాహారులదే అయినట్టు తేలింది. కిరిటిమాటిలో హెక్టారుకు 1.3 టన్నులు, అందులో పెద్ద మాంసాహారుల వాటా 19 శాతం. దీవుల వరుసలో దక్షిణానికి దిగేకొద్దీ సముద్రపు అడుగున పగడాలు, దిబ్బను గట్టిగా కట్టే సున్నపు నాచు తగ్గి, మెత్తని నాచులు పెరిగాయి. పగడాల వ్యాధులు పెరిగాయి, కొత్తగా మొలిచే పగడపు పిల్లలు తగ్గాయి. నీటిలోని సూక్ష్మజీవులు కింగ్‌మన్‌తో పోలిస్తే కిరిటిమాటిలో పది రెట్లు ఎక్కువగా కనిపించాయి.

సూక్ష్మజీవుల సంగతి కొంచెం వివరించాలి, ఎందుకంటే నాచుకూ పగడానికీ మధ్య జరిగే పోరు కేవలం జాగా కోసం కాదని ఇక్కడే అర్థమవుతుంది. మెత్తని నాచులు కిరణజన్య సంయోగక్రియలో తయారుచేసుకున్న చక్కెరల్లో కొంత భాగాన్ని నీటిలోకి వదిలేస్తాయి. ఆ చక్కెర తిని సూక్ష్మజీవులు విపరీతంగా పెరుగుతాయి, పెరుగుతూ ఆక్సిజన్‌ను వాడేస్తాయి. నాచు, పగడం ఒకదానికొకటి తగిలే అంచున పగడపు కణజాలం ఊపిరాడక చస్తుంది, ఆ చచ్చిన అంచుమీదికి నాచు మరో అంగుళం పాకుతుంది. నాచును మేసే చేపలను మనిషి పట్టేసిన చోట ఈ చక్రం ఆగదు.

ఎరువు వాదన

ఈ అధ్యయనంపై వెంటనే వచ్చిన ఆక్షేపణ న్యాయమైనదే. దీవులు భూమధ్యరేఖ వైపు దిగేకొద్దీ జనాభా పెరగడంతోపాటు, సముద్రపు అడుగున ఉండే చల్లని, పోషకాలు నిండిన నీళ్లు పైకి రావడం కూడా పెరుగుతుంది. కింగ్‌మన్ 6 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉంటే కిరిటిమాటి 2 డిగ్రీల దగ్గర ఉంది. అలాంటప్పుడు నాచు పెరగడానికీ సూక్ష్మజీవులు పెరగడానికీ మనుషులే కారణమని ఎలా అంటారు, సముద్రమే వేసిన ఎరువు కావచ్చు కదా?

దీనికి జవాబు నాలుగు దీవుల్లో దొరకదు, ఐదోదాన్ని చూడాలి. దాదాపు భూమధ్యరేఖ మీదే ఉన్న జార్విస్ దీవిలో జనం లేరు, అడుగు నీళ్లు పైకి రావడం మాత్రం కిరిటిమాటి కన్నా బలంగా ఉంటుంది. ఎరువే కారణమైతే జార్విస్ దిబ్బ అన్నిటికన్నా పాడై ఉండాలి. కానీ 2015 దాకా అక్కడ చేపల బరువు ఆ ప్రాంతం మొత్తంలో అత్యధికాల్లో ఒకటి. ఎరువు ఎక్కువైతే తినేవాళ్లున్నచోట చేప పెరుగుతుంది, తినేవాళ్లను పట్టేసినచోట నాచు పెరుగుతుంది. ఒకే కారణం రెండు చోట్ల రెండు ఫలితాలు ఇవ్వడాన్ని గుర్తించడమే ఈ కేసులో మొదటి పాఠం.

తర్వాత వచ్చిన పెద్ద పోలికలు దీన్ని బలపరిచాయి. పసిఫిక్‌లోని 39 దీవుల సమాచారంతో 2015లో వచ్చిన ఒక విశ్లేషణలో, జనం లేని దీవుల దిబ్బల స్వరూపాన్ని అలల బలం, నీటి ఉష్ణోగ్రత, నీటి సారం వంటి ప్రకృతి కారణాలను బట్టి చాలావరకు ముందే చెప్పగలిగారు. జనం ఉన్న దీవుల్లో ఆ సంబంధం తెగిపోయింది. నాకు ఈ ఫలితం చేపల టన్నులకన్నా విలువైనదిగా కనిపిస్తుంది. మనిషి జోక్యం అంకెను తగ్గించడంతో ఆగదు, కారణానికీ కార్యానికీ మధ్య ఉన్న ముడిని విప్పేస్తుంది. ముడి ఉందో లేదో చూడడానికి మారుమూల దిబ్బ అవసరం.

సొరచేప లెక్క

హెక్టారుకు 5.3 టన్నులు, అందులో 85 శాతం మాంసాహారులు అన్న వాక్యం ప్రపంచమంతా తిరిగింది. మేసేవాటికన్నా వాటిని తినేవాటి బరువు ఎక్కువగా ఉండడమంటే ఆహార పిరమిడ్ తలకిందులైనట్టు. తినేవాళ్ల బరువు తిండి బరువును మించడం అసాధ్యం కాదు, తిండి చాలా వేగంగా పుట్టుకొస్తూ ఉంటే అది జరగవచ్చు. అయినా ఇంతటి తేడాకు శక్తి లెక్క సరిపోదని పర్యావరణ శాస్త్రవేత్తలు కొందరు మొదటినుంచీ అంటూనే ఉన్నారు. సంరక్షణ ప్రచారాల్లో మాత్రం ఆ అంకె యథాతథంగా స్థిరపడిపోయింది.

లెక్క ఎక్కడ తేడా వస్తుందో గణన చేసేవాడి వైపునుంచి చూద్దాం. డైవర్ పది, పన్నెండు మీటర్ల లోతులో 25 మీటర్ల టేపు పరుచుకుంటూ వెళతాడు. వెళ్లేటప్పుడు అటూ ఇటూ వెడల్పైన పట్టీలో కనిపించిన పెద్ద చేపలను, తిరిగి వచ్చేటప్పుడు ఇరుకైన పట్టీలో చిన్న చేపలను, జాతివారీగా, పొడవు అంచనాతో పలకమీద పెన్సిలుతో రాసుకుంటాడు. ఒడ్డుకొచ్చాక పొడవును సూత్రంతో బరువుగా మార్చుతారు. పట్టీ వెడల్పు 8 మీటర్లు అనుకుంటే విస్తీర్ణం 200 చదరపు మీటర్లు. డైవర్ ఈదుతున్న ఆ కొన్ని నిమిషాల్లో 20 కిలోల సొరచేప ఒక్కటి ఆ పట్టీని అడ్డంగా దాటిందనుకోండి. అది పలకమీదికి ఎక్కింది. 200 చదరపు మీటర్లకు 20 కిలోలంటే చదరపు మీటరుకు 100 గ్రాములు, అంటే హెక్టారుకు ఒక టన్ను. ప్రపంచవ్యాప్తంగా 832 దిబ్బల సమాచారంతో 2015లో వచ్చిన అధ్యయనం, వేట లేని దిబ్బపై ఉండదగిన మొత్తం చేపల బరువును హెక్టారుకు సుమారు ఒక టన్నుగా అంచనా వేసింది. దారినపోయిన ఒక్క సొరచేప ఆ మొత్తాన్ని ఒక్క క్షణంలో కాగితం మీద పుట్టించగలదు.

ఇక్కడ సమస్య డైవర్ నిజాయితీది కాదు. చేప కదలకుండా ఉంటే పట్టీలో ఉన్నవాటినే లెక్కపెడతాం. చేప మనకన్నా వేగంగా కదులుతూ ఉంటే ఆ కొన్ని నిమిషాల్లో పట్టీగుండా వెళ్లినవాటన్నిటినీ లెక్కపెడతాం. మొదటిది నిల్వ, రెండోది ప్రవాహం. పైగా మనిషిని ఎన్నడూ చూడని చోట సొరచేపలు డైవర్ దగ్గరికి కుతూహలంతో వస్తాయి, వేట జరిగేచోట దూరంగా తప్పుకుంటాయి. అంటే పోలికలో రెండు కొసలూ వ్యతిరేక దిశల్లో సాగిపోతాయి. ఈ విధమైన గణన వేగంగా కదిలే చేపలను అధికంగా చూపుతుందని 2010లో నమూనా లెక్కలతో చూపించారు. ఆ తర్వాత పాల్మైరాలో గ్రే రీఫ్ సొరచేపలకు ట్యాగులు వేసి, మళ్లీ పట్టుబడిన వాటి నిష్పత్తితో లెక్కకట్టి 2017లో ప్రచురించిన అంచనా ప్రకారం అటోల్ చుట్టూ సుమారు 8,300 సొరచేపలు, చదరపు కిలోమీటరుకు దాదాపు 21 చొప్పున ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న సంఖ్యే ఇది. కానీ కంటితో లెక్కించి వేసిన పాత అంచనాలకన్నా చాలా తక్కువ.

తలకిందుల పిరమిడ్ అసలే లేదని కూడా అనలేం. ఫ్రెంచ్ పాలినేషియాలోని ఫకరావా అటోల్ దక్షిణపు కాలువలో కొన్ని వందల సొరచేపలు నివసిస్తాయి. అక్కడి చేపలు మాత్రమే తింటే అన్ని సొరచేపలు బతకలేవు. గుడ్లు పెట్టడానికి ఏటా వేల సంఖ్యలో గ్రూపర్ చేపలు దూరంనుంచి ఆ కాలువకు చేరతాయి, ఆ కొన్ని వారాల విందు లోటును పూడుస్తుంది. అంటే ఆహారం బయటినుంచి వస్తున్నంత మేరకు, ఒక చిన్న చోట పిరమిడ్ తలకిందులు కావచ్చు.

మా బృందంలో దీనిపై చర్చ జరిగినప్పుడు, అంకె తప్పని తేలాక ఈ అధ్యయనాన్ని ఎందుకు పట్టుకు వేలాడడం అన్నవారున్నారు. నా అభిప్రాయం వేరు. సొరచేపల అంకెను సగానికో పావుకో తగ్గించినా నాలుగు దీవుల మధ్య వరుస మారదు, ఎందుకంటే సూక్ష్మజీవులు, వ్యాధులు, పగడపు పిల్లలు, సున్నపు నాచు డైవర్‌ను చూసి దగ్గరికి రావు, పారిపోవు. వేర్వేరు పనిముట్లతో తీసిన కొలతలు అన్నీ ఒకే దిశ చూపుతున్నప్పుడు ఆ దిశను నమ్మవచ్చు. ఏ ఒక్క అంకెనూ లక్ష్యంగా రాసుకోకూడదంతే. హెక్టారుకు 5 టన్నులు అన్న లక్ష్యాన్ని ఒక నిర్వహణ ప్రణాళికలో రాస్తే, ఏ దిబ్బా దాన్ని చేరడం సాధ్యం కాదు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ ప్రణాళిక విఫలమైందని ఎవరో తీర్పు చెబుతారు.

అడుగున ఉన్నది పగడమేనా

మన దేశంలో దిబ్బల నివేదికలన్నీ సాధారణంగా ఒకే అంకెతో మొదలవుతాయి: బతికున్న పగడాల శాతం. మారుమూల దిబ్బలు ఈ అలవాటును బాగా దెబ్బతీశాయి. మధ్య పసిఫిక్‌లోని 56 దీవులను పోల్చిన 2016 నాటి అధ్యయనం చూస్తే, జనం లేని దీవుల్లో కూడా పగడాల శాతం చోటునుబట్టి ఎంతో మారుతుంది. ఎదురుగాలి వైపు పెద్ద అలలు కొట్టే చోట పగడాలు తక్కువగా ఉండడం సహజమే. స్థిరంగా కనిపించే తేడా మరొకటి: జనం లేని దీవుల్లో అడుగును దిబ్బ కట్టే జీవులు, అంటే పగడాలూ సున్నపు నాచూ కలిపి, ఆక్రమించి ఉంటాయి. జనం ఉన్నచోట మెత్తని నాచులు, ముఖ్యంగా పొట్టి గడ్డిలా పరుచుకునే టర్ఫ్ నాచు పైచేయిగా ఉంటుంది.

ఇది తేలిగ్గా కనిపించే మాటే, కానీ పని దగ్గర అంత తేలిక కాదు. 90 సెంటీమీటర్లు, 60 సెంటీమీటర్ల కొలతతో పీవీసీ గొట్టాల చట్రం అడుగున పెట్టి తీసిన ఫోటోను తెరమీద తెరిచి, దానిపై యాదృచ్ఛికంగా పడిన నూరు చుక్కల్లో ఒక్కొక్కదాని కింద ఏముందో గుర్తించాలి. గులాబీ రంగులో, పెయింటు వేసినట్టు రాతికి అతుక్కుని ఉన్నది సున్నపు నాచు. పగడపు పిల్లలు దిగి స్థిరపడడానికి ఇష్టపడే నేల అదే. దాని పక్కనే గోధుమ రంగు మసకలా, వెలుతురు కోణాన్ని బట్టి నూగులా కనిపించేది టర్ఫ్. ఆ నూగు కింద అస్థిపంజరపు గూళ్ల గుర్తులు ఇంకా తెలుస్తూ ఉంటాయి. ఆంధ్రా విశ్వవిద్యాలయం నుంచి శిక్షణకు వచ్చిన ఒక విద్యార్థిని అలాంటి చుక్క దగ్గర ఆగి, "సార్, దీన్ని చచ్చిన పగడం అని రాయాలా, టర్ఫ్ అని రాయాలా?" అని అడిగింది. పాత పద్ధతిలో చచ్చిన పగడం అనే రాసేవారు. మేము ఇప్పుడు రెండు గడులు పెట్టాం: కింద ఉన్న నేల ఏమిటి, ఇప్పుడు పైన బతుకుతున్నది ఏమిటి. "రెండూ రాయమ్మా. చచ్చింది చరిత్ర, టర్ఫ్ వర్తమానం," అన్నాను. దానివల్ల పని దాదాపు రెట్టింపయింది. అయినా లైన్ దీవుల సమాచారంతో మన సమాచారాన్ని పోల్చగలిగేది ఈ రెండో గడి ఉంటేనే.

దూరం కాపాడలేనివి

ఈ కేసులో నేను అన్నిటికన్నా ఎక్కువగా బోధించే భాగం పాల్మైరాలో మునిగిన పడవది. 1991లో ఒక లాంగ్‌లైన్ (పొడవైన తాడుకు వరుసగా గాలాలు కట్టి పట్టే) చేపల పడవ అక్కడి దిబ్బమీద చిక్కుకుని మునిగిపోయింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కొన్నేళ్లకు ఆ శిథిలం చుట్టూ పగడాలను కప్పేస్తూ రోడాక్టిస్ అనే మెత్తని జీవి తివాచీలా పరుచుకోవడం మొదలుపెట్టింది. కింగ్‌మన్‌లో కూడా మరో పడవ శిథిలం చుట్టూ దిబ్బ నల్లబడి నాచుతో నిండింది. కారణం ఇనుము. ఖండాలకు దూరంగా, అగ్నిపర్వతపు రాయి ఎక్కడా పైకి కనిపించని ఈ సున్నపు అటోళ్ల నీటిలో ఇనుము అతి తక్కువ. అక్కడి నాచులు, సూక్ష్మజీవులు దానికోసమే ఆవురావురుమని ఉంటాయి. తుప్పుపట్టే ఒక్క పడవ ఆ కొరత తీర్చేసింది. మన తీరాల్లో నదులు మోసుకొచ్చే మట్టిలోనే కావలసినంత ఇనుము ఉంటుంది కాబట్టి ఒక పాత పడవ ఇంత పని చేయదు. మనిషి తాకని చోటు గట్టిగా ఉంటుందన్న ఊహకు ఇది సరిగ్గా వ్యతిరేకం. అక్కడ బలం ఒక విషయంలో, బలహీనత ఇంకో విషయంలో. 2013 చివరనుంచి 2014 మొదటి నెలల్లోగా ఆ శిథిలాలను తొలగించారు. సంరక్షణకు నేరుగా పనికొచ్చిన ఫలితమంటే ఇలా ఉండాలి: కారణం కనిపెట్టారు, తీసేశారు.

వేడి సంగతి అలా తీసేయగలిగేది కాదు. 2015-16 ఎల్‌నినోలో కిరిటిమాటి చుట్టూ సముద్రం దాదాపు పది నెలలపాటు మామూలుకన్నా వేడిగా ఉండిపోయింది. దీవి పగడాల్లో సుమారు 89 శాతం పోయాయి. జనం ఉన్న దీవి కాబట్టి పోయాయని అనడానికి వీల్లేదు, ఎందుకంటే ఎవరూ లేని, చట్టప్రకారం పూర్తి రక్షణ ఉన్న జార్విస్‌లో 95 శాతానికి పైగా చనిపోయాయి. అదే సంవత్సరం పాల్మైరాలో పగడాల్లో 90 శాతం దాకా తెల్లబారినా పదో వంతుకన్నా తక్కువే చనిపోయి, మిగిలినవి కోలుకున్నాయి. అక్కడ వేడి అంత కాలం నిలవలేదు. ఈ మూడింటినీ కలిపి చదివితే, రక్షణ ఉన్న దిబ్బలు వేడిని తట్టుకుంటాయన్న సౌకర్యవంతమైన మాట నిలబడదు.

అయితే కిరిటిమాటిలోనే, దీవి ఒక కొసన జనం కిక్కిరిసిన పల్లెలు, మరో కొసన దాదాపు ఎవరూ వెళ్లని తీరం ఉన్నాయి. వేడి రాకముందే గుర్తుపెట్టుకున్న పగడాలను వేడి సాగుతున్నంత కాలమూ వెంబడించి చూసిన పరిశోధకులకు ఒక అనుకోని విషయం కనిపించింది. కొన్ని మెదడు పగడాలు తెల్లబారాక, నీళ్లు ఇంకా వేడిగా ఉండగానే, తమలో సహజీవనం చేసే శైవలాలను మార్చుకుని రంగు తిరిగి తెచ్చుకున్నాయి. మనుషుల ఒత్తిడి తక్కువగా ఉన్న కొసనే ఇలా జరిగింది. 2020లో ప్రచురితమైన ఈ ఫలితాన్ని అతిగా సాగదీయకూడదు; రెండు రకాల పగడాల్లో చూసిన సంగతి, అన్ని పగడాల సంగతీ కాదు. స్థానిక రక్షణ వల్ల వేడి ఆగదు. వేడి వచ్చాక ఏ పగడానికి కోలుకునే అవకాశం మిగులుతుందన్నదానిలో మాత్రం తేడా వస్తుంది. ఈ మేరకు చెప్పడమే నిజాయితీ.

నేలమీది సంగతులు కూడా నీటిలోకి దిగుతాయి. కోనసీమలో పుట్టి పెరిగిన నాకు కొబ్బరిచెట్టు మీద ఫిర్యాదు వినడం కొంచెం కష్టమే, కానీ పాల్మైరాలో జరిగింది అదే. మనుషులు తెచ్చి నాటిన కొబ్బరి అడవిని ఆక్రమించిన చోట సముద్రపక్షులు గూళ్లు కట్టవు. పక్షులు లేనిచోట రెట్టల నత్రజని లేదు, నత్రజని లేని తీరంలో ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మ జీవులు) తగ్గుతాయి, వాటికోసం వచ్చే మాంటా రే అనే పెద్ద చేపలు కూడా తగ్గుతాయి. హిందూ మహాసముద్రంలోని చాగోస్‌లో ఎలుకలు లేని ఆరు దీవులను, ఎలుకలున్న ఆరింటితో 2018లో పోల్చినప్పుడు, ఎలుకలు లేనిచోట సముద్రపక్షుల సాంద్రత 760 రెట్లు, పక్కనున్న దిబ్బపై చేపల బరువు 48 శాతం ఎక్కువగా తేలాయి. లక్షద్వీప్, మాల్దీవులు, చాగోస్ మూడూ ఒకే సముద్రాంతర శిఖరశ్రేణి మీద కూర్చున్నవి కాబట్టి ఆ ఫలితం పసిఫిక్ లెక్కకన్నా మాకు దగ్గరది.

చాగోస్ పేరు తలచుకున్నప్పుడు ఇంకో సంగతి దాటవేయకూడదు. అక్కడ మనుషులు లేకపోవడం ప్రకృతి ఏర్పాటు కాదు. డియేగో గార్సియాలో సైనిక స్థావరం కోసం 1968 నుంచి 1973 లోపు అక్కడి ప్రజలను బ్రిటన్ వెళ్లగొట్టింది, 2010లో ఆ ఖాళీ సముద్రాన్ని సంరక్షిత ప్రాంతంగా ప్రకటించింది. 2015లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆ ప్రకటనను చట్టవిరుద్ధమని తేల్చింది. లైన్ దీవుల చరిత్ర కూడా శుభ్రమైనది కాదు. పాల్మైరా లగూన్‌ను రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా నౌకాదళం తవ్వేసింది, కిరిటిమాటి దగ్గర 1957 నుంచి 1962 వరకు బ్రిటన్, అమెరికా అణుపరీక్షలు చేశాయి. కాబట్టి మా పత్రాల్లో నేను 'తాకని దిబ్బ' అన్న మాట రాయనివ్వను. 'ప్రస్తుతం వేట ఒత్తిడి లేని దిబ్బ' అని, ఎప్పటినుంచి లేదో సంవత్సరంతో సహా రాయిస్తాను.

లక్షద్వీప్‌కు ఏది తెచ్చాం

2011 జనగణన ప్రకారం లక్షద్వీప్‌లో 32 చదరపు కిలోమీటర్ల నేలమీద 64,000 మందికి పైగా ఉన్నారు. కింగ్‌మన్‌ను చూపించి ఇది మీ లక్ష్యం అని వారితో చెప్పడం హాస్యాస్పదం. పసిఫిక్‌లోని న్యూ కలెడోనియాలో చేసిన పోలికలు చూసినా, ఊళ్లకు దగ్గరగా ఉన్న రక్షిత ప్రాంతం దశాబ్దాల తర్వాత కూడా మారుమూల దిబ్బ స్థాయికి చేరడం లేదు. పెద్ద మాంసాహారులను కాపాడాలంటే ఇంకా మిగిలి ఉన్న దూరపు చోట్లనే ముందు మూసేయాలి. ఊరి దగ్గరి దిబ్బల్లో నాచు మేసే చేపలను కాపాడే లక్ష్యం పెట్టుకోవాలి. లక్షద్వీప్‌కు ఈ రెండోది కొంతవరకు సంప్రదాయంగానే దక్కింది. అక్కడి జాలరులు దశాబ్దాలుగా గాలపు కర్రతో బయటి సముద్రంలో సూర చేపను (ట్యూనాను) పట్టేవారు. లగూన్‌లో ఎరకు చిన్న చేపలు తీసుకోవడం తప్ప దిబ్బ చేపల జోలికి పెద్దగా పోలేదు. 1998 తర్వాత కొన్ని దిబ్బలు నాచు పాలుకాకుండా నిలదొక్కుకోవడంలో ఆ మేసే చేపల పాత్ర ఉంది. ఇటీవలి సంవత్సరాల్లో దిబ్బ చేపలకు గిరాకీ పెరుగుతోంది, కాబట్టి చిలుక చేపలు, సర్జన్ చేపల పొడవుల నమోదును మా కొత్త పద్ధతిలో మొదటి వరుసకు తెచ్చాం. సొరచేపలను పట్టీలో లెక్కించడం మానేసి, ఎర పెట్టిన కెమెరాలను అడుగున దించి ఒకే ఫ్రేములో ఒకేసారి కనిపించిన గరిష్ఠ సంఖ్యను రాసుకుంటున్నాం.

మిగిలిన పని కొలబద్దగా వాడుకోవడానికి మన దగ్గర ఉన్న తక్కువ ఒత్తిడి చోట్లను ఎంచుకోవడం. సుహేలీలో స్థిరనివాసం లేదు, సూర చేపను ఎండబెట్టడానికి సీజనులో జాలరులు వచ్చి ఉంటారు. పెరుమాల్ పార్, చెరియపాణి మనుషులు లేని దిబ్బలు. చెరియపాణి దగ్గర 2020లో సముద్ర దోసకాయలనే, అడుగున పాకే జంతువుల కోసం 239 చదరపు కిలోమీటర్ల రక్షిత ప్రాంతం ప్రకటించారు. ఈ మూడింటినీ, అగత్తి, కవరత్తి దిబ్బలనూ జనసంఖ్య వరుసలో పేర్చి, ఒకే సీజనులో, ఒకే లోతులో, గాలివాటు వైపూ ఎదురుగాలి వైపూ విడివిడిగా కొలవాలని ప్రతిపాదించాం. ప్రతిచోటా పది మీటర్ల చదరపు గడిని ఉక్కు మేకులతో శాశ్వతంగా గుర్తుపెట్టి, ఒకదానిపై ఒకటి పడే ఫోటోలతో దాని త్రిమితీయ పటాన్ని కూర్చాలన్నది అందులో భాగం. వచ్చే ఎల్‌నినోకు ముందు మొదటి పటం చేతిలో ఉంటే, అదే పగడం బతికిందో చచ్చిందో పేరుపెట్టి చెప్పగలుగుతాం. చెరియపాణికి పడవ వెళ్లగలిగేది నైరుతి రుతుపవనాలు తగ్గి సముద్రం శాంతించాకే కాబట్టి, షెడ్యూలులో మొదటి చోటుగా దాన్నే పెట్టాం.